పగడం మీద ఐదు పొరల నీడ

ఆ సోమవారం ఆదోనిలో నేను చేసిన తప్పు చూడటానికి చాలా చిన్నది. దీపం వెలుతురు పెంచే రెండు మరలను కుడివైపుకు, ఇక తిరగవు అనేదాకా తిప్పాను. తిప్పిన చేతిని తువ్వాలుకు తుడుచుకుని, సంచి భుజాన వేసుకుని, ఎమ్మిగనూరు బస్సు వెళ్లిపోతుందేమోనని మెట్లు రెండేసి చొప్పున దిగాను. అక్క చెప్పిన మాట అప్పటికి ఇంకా నా చెవుల్లోనే ఉంది. "కొత్త దీపం గదప్పా, సగానికే పెట్టు. మెల్లగా పెంచుకుంటా పోదాం" అని చెప్పి ఆమె బ్యాంకుకు వెళ్లింది. నేను ఆ మాట మరిచిపోలేదు. వినకూడదనుకున్నాను. మరిచిపోయానని నాకు నేనే చెప్పుకుంటూ చాలా రోజులు గడిపాను కాబట్టి, ముందుగా ఈ సంగతి రాసేస్తున్నాను.

ఆ దీపం ఒక అద్దాల తొట్టి మీద వేలాడుతుంది. తొట్టిలో ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో రాళ్లు, అడుగు రాతి మీద ప్రాణమున్న పగడం. మా వైపు ఈ మాట చెబితే నవ్వుతారు. మాకు పగడమంటే తాళిలో నల్లపూసల మధ్య గుచ్చే ఎర్రపూస. అది ఒకప్పుడు బతికిందని, తిన్నదని, వెలుతురు చూసిందని ఎవరికీ తట్టదు. నాకూ తట్టలేదు, అక్క తొట్టి చూసేదాకా.

నా పని చేపల తొట్లు శుభ్రం చేయడం. ఎమ్మిగనూరులో మా నాయనకు నూలుకు రంగులద్దే కొట్టం ఉండేది. అది మూతపడ్డాక నేను ఈ పనిలోకి వచ్చాను. ఆదోనిలో బట్టల షాపుల్లో, ఆస్పత్రుల్లో, కొన్ని ఇళ్లల్లో తొట్లు ఉన్నాయి. వారానికి రెండు రోజులు బస్సెక్కి వస్తాను. అన్నీ మంచినీళ్ల తొట్లే, ఎర్రచేపలే. ఉప్పునీళ్ల తొట్టి ఒక్క అక్క ఇంట్లోనే.

అక్క నాకు చుట్టం కాదు. అరవై దాటిన మనిషి. లక్షద్వీపాల్లో ఒక దీవిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక సొంత ఊరు ఆదోనికి తిరిగొచ్చింది. మేడమీద ఒంటరిగా ఉంటుంది. వచ్చిన కొత్తలో బెంగుళూరు వెళ్లి, చిటికెన వేలంత పగడం ముక్క తెచ్చుకుంది. రాతి పగడాలను ఇంట్లో పెట్టుకోవడం నేరం, ఇది మెత్తటి జాతి, తోలులాగా ఉంటుందని మొదటి రోజే నాకు చెప్పింది. నాలుగేళ్లలో అది అరచేయంత గొడుగైంది. పగలు దీపం వెలిగితే ఆ గొడుగు మీద ఆవగింజలంత పూలు వందలుగా విచ్చుకుంటాయి. దీపం ఆరితే ముడుచుకుంటాయి. అవి పూలు కావు, నోళ్లు అంటుంది అక్క.

ప్రతి ఆదివారం తొట్టిలో రెండు బకెట్ల నీళ్లు తీసి, రెండు బకెట్ల కొత్త ఉప్పునీళ్లు పోసేది ఆమే. ఉప్పును తనే చెంచాతో కొలిచి కలుపుతుంది. మా ఊళ్ల బోరునీళ్లు పనికిరావు, ఫిల్టరు నీళ్లు కావాలి. ఎన్ని చెంచాలు వేసింది, నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయి, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాస్తుంది. ఆస్పత్రిలో రోగి మంచానికి తగిలించే కాగితం లాంటిదే ఆ పుస్తకం. ఏడాదిగా ఆమె కుడిచేయి వణుకుతోంది. కొద్దిగానే. ఆ అక్షరాల్లో కనిపిస్తుంది.

ఇక ఆ మరలు ఎందుకు తిప్పానో చెప్పాలి.

పాత దీపం ముసలిదైపోయింది. ఏడాదిగా రోజుకింత తగ్గుతూ వచ్చింది. రోజూ చూసే కంటికి ఆ తగ్గడం తెలియదు. పగడం మాత్రం గోధుమరంగు నుంచి ముదురు గోధుమకు, చివరికి కషాయం రంగుకు తిరిగింది. నా కళ్లు రంగులవాడి కళ్లు. చిన్నప్పటి నుంచి రంగు కాగులోంచి తీసిన నూలు చిలపలు, అంటే నూలు కట్టలు, చూసిన కళ్లు. కొన్ని రంగుల్లో ముంచి తీసిన నూలు మొదట మురికిగా, చచ్చిన రంగులో ఉంటుంది. దండెం మీద వేసి గాలికి, వెలుతురుకు చూపిస్తే మన కళ్లముందే అసలు రంగు తేలుతుంది. ఆ పగడాన్ని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది. ఇది దండెం ఎక్కని చిలప, వెలుతురు చాలక రంగు లోపలే ఉండిపోయింది అనుకునేవాణ్ణి.

అందుకే ఆ సోమవారం ఒక్క దీపంతో ఆగలేదు. అద్దాల మూతకు పేరుకున్న ఉప్పు మొత్తం గీకేశాను. నీళ్లను తేరబరిచే బొగ్గు కొత్తది వేశాను. టీ డికాక్షన్ చాయ ఉన్న నీళ్లు గంటలో గాజులా అయ్యాయి. అడుగు రాతి మీదున్న పగడాన్ని ఎత్తి పైరాతి మీద కూర్చోబెట్టాను. తర్వాత మరలు. బ్యాంకు నుంచి వచ్చేసరికి అక్క ఆ వెలుగు చూసి అదిరిపోవాలి. ఎమ్మిగనూరు రంగులవాడి కొడుకు చేయి పడితే ఎట్లుంటుందో తెలియాలి. నా మనసులో ఉన్నది ఇంతే. పగడం లేదు అందులో.

సాయంత్రం ఫోను వచ్చింది.

"ఏమప్పా, ఇది దీపమా, మిట్ట మధ్యాహ్నమా? కండ్లు చెదరతాండాయి."

"కొత్తది గదక్కా. అట్లే ఉంటాది."

"సగానికే గదా పెట్టినావు?"

"సగమేనక్కా."

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, ఆ తర్వాత నేను టీ కూడా తాగాను.

మంగళవారం పగడం మెరిసిందట. "బాగుందప్పా, పచ్చగా తళుక్కుమంటాంది" అని అక్కే చెప్పింది. నేను పొంగిపోయాను. బుధవారం పూలు సగమే విచ్చుకున్నాయి. గురువారం పొద్దున ఆమె గొంతులో నవ్వు లేదు.

"తెల్లగైతాందప్పా. పైభాగమంతా. సున్నం పూసినట్ల."

గురువారం నాకు పనిరోజు కాదు. అయినా వెళ్లాను. బస్సు కిటికీ పక్కన కూర్చున్నా కాలు ఆగలేదు, మోకాలు ఊగుతూనే ఉంది. పక్కనున్న రైతు ఒకాయన, "అన్నా, నీ కాలుకు బస్సు కన్నా తొందరగా ఉంది" అన్నాడు. నవ్వబోయాను, రాలేదు. దారి పొడవునా పత్తిచేలు తెల్లగా పగిలి ఉన్నాయి. ఆ రోజు ఆ తెలుపు చూడలేకపోయాను.

అక్క తలుపు తీసి, "కూసో, కాఫీ పెడతా" అని వంటింట్లోకి వెళ్లింది. నేను తొట్టి దగ్గరికి వెళ్లి మొదట చేసిన పని పగడాన్ని చూడటం కాదు. చేతులెత్తి రెండు మరలనూ సగానికి తిప్పేశాను. వంటింట్లో గిన్నె చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ పని అయ్యాక పగడం వైపు చూశాను. గొడుగు పైభాగం ఉడికించిన గుడ్డు తెలుపులో ఉంది. ఒక్క పువ్వూ విచ్చుకోలేదు. ఒక అంచు కిందికి వాలిపోయింది.

అక్క కాఫీతో వచ్చి నా వెనక నిలబడింది. "ఏమైంటుంది?"

ఉప్పు కొలిచే గొట్టం తీశాను. అదొక చిన్న దుర్బిణి లాంటిది. ఒక బొట్టు నీళ్లు వేసి వెలుతురుకు పెట్టి చూస్తే లోపల గీత కనిపిస్తుంది. చూశాను. గీత సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు.

"ఉప్పు కొంచెం ఎక్కువుందక్కా" అన్నాను.

"ఎక్కువా?"

"కొంచెమే. ఆదివారం కలిపినప్పుడు ఒక చెంచా అటూ ఇటూ అయ్యింటాది. కావొచ్చులే."

ఆమె కాఫీ లోటాను బల్లమీద పెట్టి, తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంది. నాకు ఆ చూపు కనబడింది. కనబడి కూడా కాఫీ తాగాను. ఆమె నోటుపుస్తకం తీసి ఏదో రాసింది. ఏం రాసిందో అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ ఫోను.

"అప్పా, సోమవారం వచ్చేటప్పుడు ఒక ఆటో మాట్లాడుకోనిరా. తొట్టి నువ్వే తీస్కపో. బెంగుళూరు షాపాయనకు చెప్పినా, పగడం బతికుంటే ఆయన పెట్టుకుంటాడంట."

"ఎందుకక్కా, అంత ఏమైందిప్పుడు?"

"ఏమైంది ఏంది? చెంచా ఉప్పు కొలవలేని చేయి ఇది. కింద అవ్వకు రోజూ సూదేసేది నేనే గదా, ఇన్సులిన్. నిన్న సాయంత్రం నుంచి మానుకున్నా. వాళ్ల కోడలిని పిలిచి చెప్పినా, వీధి చివర కాంపౌండరు దగ్గరికి తీస్కపొమ్మని. ఉప్పు తప్పితే పగడం పోయింది. సూది తప్పితే మనిషి పోతాది."

ఫోను పెట్టేశాక నేను మా పెరట్లో ఎంతసేపు తిరిగానో తెలియదు. కింద అవ్వ అంటే ఆ మేడ కింది భాగంలో ఉండే ముసలమ్మ. నేను మెట్లెక్కిన ప్రతిసారీ ఏదో ఒక మాట విసురుతుంది. ఆమెకు రోజూ సాయంత్రం అక్క సూదేస్తుంది. ఆ సూది ఆమెకు ఎంత అవసరమో, ఆ సూదేయడం అక్కకూ అంత అవసరం. ఉద్యోగం అయిపోయిన మనిషికి మిగిలిన ఉద్యోగం అది. నేను ఒక పగడాన్ని కాల్చి, ఆ మసి తీసుకెళ్లి ఆమె చేతికి పూశాను. వణికే చేతికి. ఆ చేయి వణుకుతూనే నాలుగేళ్ల పగడాన్ని పెంచింది. ఆ చేయి కలిపిన ఉప్పు వెంట్రుకవాసి తప్పలేదని ఈ లోకంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇంట్లో మగ్గం చప్పుడు ఆగింది. నా భార్య మగ్గం కింది గుంటలోంచి తల పైకెత్తింది.

"ఏమి, పొద్దట్నుంచి గానుగెద్దు మాదిరి తిరుగుతాండావు. సముద్రం సూడకుండానే సముద్రాన్ని మరమ్మత్తు జేసే మొగోడివి, ఏం పగిలింది?"

ఆమెకు చెప్పాను. మరల సంగతి, సగమేనని చెప్పిన సంగతి, మరలు మళ్లీ తగ్గించిన సంగతి, గీత సంగతి. చెబుతుంటే ఒక్కొక్కటి ఎంత నీచంగా వినిపించిందో. ఆమె పేక నూలు చుట్టిన కండెను ఒడిలో పెట్టుకుని మొత్తం విన్నది.

"మామ ఏం జెప్పేటోడు నీకు?" అంది చివరికి. మామ అంటే మా నాయన. "రంగు తేలేదాకా ఎండ, తేలినాంక నీడ. ఒక్క పూట ఎక్కువ పెడితే నూలు యెలిసిపోతాదని నెత్తిన మొట్టేటోడు గదా. నువ్వు సగం మాటే పట్టుకోనొచ్చినావు."

"తెలుసులే."

"తెలుసంటే సాలదు. సెప్పినావా ఆయమ్మకు?"

"సోమవారం చెప్తా."

"సోమవారం ఆటో పోతాది. రేపు పో." మళ్లీ నాడె విసరబోతూ ఆగింది. "ఒట్టి నోటితో పోవద్దు. మూలన పడుగు మొదటి ముక్కలుంటాయి, సూడు. పలుచగా, ఇక్కడొక పోగు అక్కడొక పోగు. అమ్మకానికి రావవి. వెలుతురు ఎక్కువైతే గుడ్డ కడతారు గదా ఎవరైనా. ఎండకు దండెం మీద మామ కట్టలేదా?"

కొత్త పడుగు ఎక్కించినప్పుడు మొదటి జానెడు నేత సరిగ్గా రాదు. దాన్ని కత్తిరించి పారేస్తారు. మా ఆవిడ ఏదీ పారేయదు. మూలన సంచిలో అట్లాంటివి చాలా దొరికాయి. ఎత్తి పట్టుకుంటే అవతల మనిషి ముఖం కనిపించేంత పలుచన. తొట్టి వెడల్పుకు సరిపోయేవి ఐదు ఏరుకున్నాను.

శనివారం ఎండెక్కక ముందే ఆదోనిలో దిగాను. బస్టాండు దగ్గర ఆస్పరి బస్సు కోసం నిలబడ్డ జనంలోంచి తోసుకుంటూ నడిచాను. మెట్ల దగ్గర కింది అవ్వ కూర్చుని కందులు చెరుగుతోంది. "ఏమప్పా, ఈపొద్దు చేపలకు జ్వరమా?" అంది. జవాబు చెప్పకుండా ఎక్కేశాను.

అక్క తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పక్కన నోటుపుస్తకం. నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ కాఫీ వస్తుంది, కాఫీ వస్తే మళ్లీ నోరు మూతపడుతుంది.

"అక్కా, ఉప్పు ఎక్కువ కాలేదు. గీత సరిగ్గానే ఉన్నింది. నేను అబద్ధం చెప్పినా. దీపం సగానికి పెట్టలేదు, నిండుగా పెట్టినా. గురువారం మీరు కాఫీ పెడుతుంటే తగ్గించినా."

ఆమె నావైపు చూడలేదు. తొట్టివైపే చూస్తూ, "మల్లొకసారి చెప్పు" అంది. మళ్లీ చెప్పాను. బొగ్గు సంగతి, పైరాతికి జరిపిన సంగతి కూడా కలిపి చెప్పాను.

"గొట్టం తియ్యి."

తీసి ఇచ్చాను. తనే బొట్టు వేసింది. చేయి వణికి మొదటి బొట్టు పక్కన పడింది. రెండోది వేసి, కిటికీవైపు తిరిగి, చాలాసేపు చూసింది. గొట్టం దించి బల్లమీద పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టింది. ఆ నెమ్మదికి నాకు భయమేసింది.

"దీవిలో మాకు యెప్పుడు భయమో తెలుసా నీకు?" అంది. "తుపానుకు కాదు. తుపానొస్తే నీళ్లు కలకబారతాయి, ఎండ లోపలికి దిగదు. గాలి పడిపోయి, సముద్రం అద్దం మాదిరి నిలబడిపోతాది చూడు, ఎండాకాలంలో, అప్పుడు. అడుగున అద్దమున్న పడవలో పోతే కిందున్న ఇసుక రేణువు కూడా కనపడతాది. చూసేటోళ్లు అబ్బ ఎంత బాగుందంటారు. పడవ నడిపే ముసలాయన మాత్రం తలకొట్టుకునేటోడు. నీళ్లు వేడెక్కి, ఎండ అడ్డం లేకుండా దిగి, వారం దినాలకు పగడం తెల్లగైపోయేది. నువ్వు నా తొట్టిని అట్లా అద్దం చేసినావప్పా. ఒక్క గంటలో."

నేను నిలబడే ఉన్నాను.

"దీని ఒంట్లో కంటికి కనపడని పాచి మాదిరి జీవులుంటాయని ఎన్నిసార్లు చెప్పింటా నీకు? వెలుతురుతో వండి దీనికి పెట్టేది అవే. ఈ గోధుమరంగు దీనిది కాదు, వాటిది. వెలుతురు తగ్గితే అవి ఎక్కువైతాయి, రంగు ముదురుతాది. నీకది మురికిగా కనపడింది. అది తక్కువలో బతికే తెలివప్పా! దీవిలో ఒకే జాతి చూడు, లోతు తక్కువున్న చోట కొమ్మలు కొమ్మలుగా ఉంటాది, లోతుకు పోతే పళ్లెం మాదిరి పరుచుకుంటాది, వచ్చిన కొంచెం వెలుతురూ పోగొట్టుకోకూడదని. వెలుతురు ఒక్కసారే మీద పడితే ఆ వండిపెట్టేవే విషం కక్కుతాయి. అప్పుడిది వాటిని బయటికి తోసేస్తాది. తోసేసి తెల్లగా, ఆకలితో కూసుంటాది. చచ్చిపోలేదింకా. ఆకలి."

అప్పుడు నావైపు తిరిగింది.

"పగడం సంగతి అట్లుంచు. నా చేతి మీద నాకు అనుమానం పుట్టిచ్చినావు గదప్పా. రెండు దినాలు నేను నా చెయ్యిని చూసుకుంటా కూసున్నా."

తప్పయింది అన్నాను.

"తప్పయింది సరే. ఇంక నేను సూది పట్టుకుంటే నా వేలు నన్ను నమ్ముతుందా? నువ్వు నమ్మిస్తావా?"

నేను మెట్లు దిగాను. వెళ్లిపోతున్నానని అక్క అనుకుని ఉంటుంది. కింద అవ్వ ముందు గొంతుక్కూర్చుని, అంతా చెప్పాను. అక్క చేయి బాగుందని, ఆమె కొలత తప్పలేదని, తప్పు నాదని, నేను అబద్ధమాడితే ఆమె సూది మానుకుందని. అవ్వ చాట ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు సేపకు దీపం పెడితే నాకు సూది నిలిచిపోయెనా? ఏం తెలివిరా నాయనా! ఆ కాంపౌండరు గాడు గునపం దింపినట్ల దింపుతాండాడు, సూడు" అని చేయి చూపించింది. నీలంగా కమిలి ఉంది. చాట నా చేతిలో పెట్టి, గోడ పట్టుకుని లేచింది. "పట్టు. నేను పైకెక్కల్ల."

"మీరెక్కలేరవ్వా, నేను అక్కను పిలుస్తా."

"పిలిస్తే రాదు ఆయమ్మ. పోతే కాదనదు."

ఆ మెట్లు ఎక్కడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. నేను వెనకే కందుల చాట పట్టుకుని ఎక్కాను. పైకి వెళ్లి కుర్చీలో కూలబడి, ఆయాసం తీరాక, అక్కతో "సాయంత్రం వొస్తా, సూది సిద్ధంగా పెట్టు. రోజూ ఈ మెట్లెక్కించొద్దు నన్ను" అంది. అక్క "తిన్నాకనా, తినకముందా అని మల్ల అడగొద్దు, ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు నీకు" అంది. వాళ్లిద్దరూ నన్ను మరిచిపోయి దెబ్బలాడుకున్నారు. నేను చాట పట్టుకుని అట్లే నిలబడ్డాను. ఆ వారంలో నా కాలు ఊగకుండా ఉన్నది ఆ కొంచెంసేపే.

తర్వాత పని మొదలుపెట్టాను. పగడాన్ని పైరాతి నుంచి దించి, మునుపున్న అడుగు రాతి మీదే, మునుపటి వైపుకే తిప్పి పెట్టాను. వెదురుపుల్లలతో చట్రం కట్టి, తొట్టి పైన, దీపం కింద, ఐదు పొరల గుడ్డ పరిచాను. దీపం వేడికి గుడ్డ తగలకుండా జానెడు ఎడం ఉంచాను. గదిలో వెలుతురు మబ్బు పట్టిన రోజులా అయింది. అక్క గుడ్డను వేళ్లతో తడిమి, "ఎవరు నేసినారు?" అంది. చెప్పాను. "ఆమెకు చెప్పు, దీపం నీకన్నా ఆమెకే ఎక్కువ తెలుసని" అంది. చెప్పాను. మా ఆవిడ ఆ మాటను ఇప్పటికీ వాడుకుంటుంది.

ఆటో మాట్లాడలేదు. సోమవారం నుంచి రోజు మార్చి రోజు ఆదోనికి వెళ్లాను, మిగతా తొట్లు ఉన్నా లేకున్నా. కొన్నిరోజులు పగడం అట్లే ఉంది. వాలిన అంచు కుళ్లిపోయింది. దాన్ని అక్కే బ్లేడుతో కోసి తీసింది. కోసేటప్పుడు చేయి వణికింది, కోత మాత్రం వంకర పోలేదు. నేను గిన్నె పట్టుకున్నాను. మరో వారానికి కాండం మొదట్లో, మసక టీ మరక లాంటి గోధుమ చాయ కనిపించింది. నాకు పిచ్చెక్కినంత పనైంది. ఒక పొర తీసేద్దామా అన్నాను. అక్క నావైపు చూసింది. నోరు మూసుకున్నాను.

పొర తీసే రోజు ఆమే చెప్పేది. మొదటి పొర తీయడానికి రెండు వారాలు ఆగింది. రెండోది ఇంకో వారానికి. ఒక్కో పొర తీసినప్పుడల్లా రెండుమూడు రోజులు పూలు జంకేవి, తర్వాత విచ్చుకునేవి. మధ్యలో కరెంటు పోయిన మధ్యాహ్నాలున్నాయి, ఇన్వర్టరు దీపాన్ని మోయలేక ఆరిపోయిన రోజులున్నాయి. ప్రతిసారీ ఫోను మోగితే చేతిలో పని వదిలేసి ఎత్తేవాణ్ణి. ఇప్పుడూ అంతే. ఆ మరల మీద అక్క ఆస్పత్రి ప్లాస్టరు అంటించింది, పై నుంచి కిందికి, దెబ్బకు వేసినట్టు. నేను వచ్చినప్పుడల్లా ఆ ప్లాస్టరు ఊడిందో లేదో చూస్తుంది. దాచి చూడదు, నా ముందే చూస్తుంది. నాకు అది న్యాయమే.

ఐదో పొర తీసిన రోజు ఆమె కింద అవ్వకు సూదేయడానికి వెళ్లింది. నేను ఒక్కణ్ణే ఉన్నాను. గొడుగు మునుపటంత లేదు, ఒకవైపు కోత మచ్చ ఉంది. రంగు లేత గోధుమ. పూలన్నీ విచ్చుకుని పంపు నీళ్లకు ఊగుతున్నాయి. బల్లమీద నోటుపుస్తకం తెరిచి ఉంది. వెనక్కి తిప్పుతూ ఆ గురువారం దగ్గరికి వెళ్లాను. ఆ రోజు నేను అడగని మాట అక్కడ ఉంది, వణికిన అక్షరాల్లో: "ఉప్పు ఎక్కువ. కొలత తప్పింది. నా చేయి."

దాన్ని కొట్టేయలేదు, అది ఆమె రాత. దాని కింద నా పెన్నుతో, కనపడేంత పెద్దగా రాశాను: "ఉప్పు సరిగ్గా ఉంది. దీపం నిండుగా పెట్టినది నేను. అబద్ధం చెప్పినది నేను." సంతకం పెట్టాను. పుస్తకాన్ని మూయకుండా, ఆమె వచ్చి కూర్చునే కుర్చీవైపుకు తిప్పిపెట్టాను. మడిచిన ఐదు గుడ్డముక్కలను దాని పక్కన ఉంచి, ఆమె మెట్లెక్కి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.